టీ బిల్లుకు మూడు సంతకాలు

మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో మొన్న ఒకాయన శిక్షణలో పెట్టిన భోజనం ఫోటో పెట్టాడు. ప్లేట్లో అన్నం, పల్చటి సాంబారు, కాస్త వంకాయ కూర, విరిగిన అప్పడం. కింద ఒకటే ప్రశ్న: తలకి ఎంత శాంక్షనైందో ఎవరికైనా తెలుసా? అంతే, సాయంత్రం దాకా ఫోన్ మోగుతూనే ఉంది. తినేశారన్నవాళ్లు కొందరు, ఎవరు తిన్నారో పేరు చెప్పమన్నవాళ్లు కొందరు, సందట్లో సడేమియాలా పాత యూనియన్ ఎన్నికల లెక్కలు బయటికి తీసినవాళ్లు ఇంకొందరు. చివరికి అడ్మిన్ గారు ఎవరూ మెసేజీలు పెట్టకుండా గ్రూపుకి తాళం వేసేశారు.

నేను అందులో ఏమీ రాయలేదు. నేను చెప్పాలనుకున్నది మెసేజీలో పట్టేది కాదు. ఉపాధ్యాయ శిక్షణకి ఇచ్చే సర్కారు డబ్బు మీద నిఘా లేదని అందరూ అంటారు. నాకు మాత్రం నిఘా బోలెడంత ఉందనిపిస్తుంది. ఉన్నదంతా డైట్ (టీచర్లకి శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థ) లాంటి ప్రభుత్వ శిక్షణ కేంద్రాల్లో టీ, బిస్కెట్లు, చార్టులు, స్కెచ్ పెన్నుల మీద ఉంది. ఆ డబ్బు ఏ నెలలో వచ్చిందో, దానితో ఎవరు ఏం నేర్చుకున్నారో అడిగేవాడు లేడు. ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరుతో ప్రైవేటు బీఎడ్ కాలేజీల వైపు పోయే సొమ్ముకైతే, అక్కడ అసలు పాఠం జరిగిందా అని చూసే మనిషే కనపడడు. తక్కువ డబ్బున్నచోట ఎక్కువ కళ్లు, ఎక్కువ డబ్బున్నచోట తక్కువ కళ్లు. నా గొడవంతా ఇదే.

ముందే ఒక మాట. ఇక్కడ రాసే సంగతులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేను చూసినవీ, దగ్గరివాళ్లు చెప్పినవీ. ఏది ఏ ఊరిదో కావాలనే చెప్పడం లేదు. అందులో ఉన్న ప్రిన్సిపాళ్లూ గుమస్తాలూ నా దృష్టిలో దొంగలు కారు, వాళ్ల పేర్లు బయటికొస్తే నష్టపోయేది వాళ్లే.

ఫిబ్రవరిలో వచ్చే డబ్బు

మా ఊరాయన ఒకరు ఒక శిక్షణ కేంద్రంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. వరస లేకపోయినా బావగారూ అని పిలుస్తాను. గ్రూపులో జరిగింది చెప్తే నవ్వేశారు. "తినడానికి అక్కడేటుంది మాస్టారూ? ఏప్రిల్ నించి జనవరి దాకా డబ్బు రాలేదని ఏడుపు, ఫిబ్రవరిలో వచ్చిందని ఏడుపు" అన్నారు.

ఆయన చెప్పిన లెక్క ఇది. 2018-19లో సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్, టీచర్ ఎడ్యుకేషన్ పథకం మూడింటినీ కలిపి సమగ్ర శిక్ష చేశారు. కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. జిల్లా నుంచి ప్రణాళిక రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీలో ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డుకి వెళ్లాలి. బోర్డు ఒప్పుకున్నాక కూడా డబ్బు ఒకేసారి రాదు, విడతల్లో వస్తుంది. కిందటి విడతకి వినియోగ ధ్రువపత్రాలు, అంటే యూసీలు, పంపితేనే తర్వాతి విడత. యూసీ పంపాలంటే ఖర్చు పెట్టాలి, ఖర్చు పెట్టాలంటే డబ్బు రావాలి. మధ్యలో రాష్ట్రం తన వాటా కలపాలి. రాష్ట్ర ఖజానా సంగతి మనకి తెలిసిందే, జీతాల తేదీ చూసి చెప్పేయొచ్చు.

ఇదంతా తేలి కింద ఉన్న శిక్షణ కేంద్రం దాకా వచ్చేసరికి సంవత్సరం అయిపోవస్తుంది. అప్పుడు ఒక ఫోన్, వెనకే ఒక ఉత్తర్వు: ఈ హెడ్ (ఖర్చు పద్దు) కింద ఇంత ఉంది, మార్చి 31 లోపల ఖర్చు చేసి యూసీ పంపండి, లేకపోతే ల్యాప్స్ అయిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలంటే పదో తరగతి పిల్లలకి స్పెషల్ క్లాసులు, పరీక్షల డ్యూటీలు, సిలబస్ ముగింపు. అప్పుడు మమ్మల్ని బడి నుంచి లాగి, వచ్చే జూన్‌లో వాడాల్సిన పద్ధతి నేర్పుతారు. జూన్ వచ్చేసరికి మాడ్యూల్, అంటే శిక్షణ పుస్తకం, ఏ అటక మీదుందో ఎవరికీ గుర్తుండదు. కొన్నిసార్లు శిక్షణ అయిపోయాక మాడ్యూల్ ప్రింటై వస్తుంది. ఆ కట్టలు ఎమ్మార్సీలో, అంటే మండల వనరుల కేంద్రంలో, కిటికీ పక్కన పడుంటాయి, విప్పను కూడా విప్పరు.

విచిత్రం ఏమిటంటే దీనికి నిబంధన ఉంది. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 62వ నిబంధన ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో ఎగబడి ఖర్చు చేయడం ఆర్థిక ఔచిత్యానికి విరుద్ధం అంటుంది, మానుకోవాలంటుంది. బాగుంది. కానీ ఫిబ్రవరిలో విడుదల చేసినవాడి మీద ఆడిట్‌లో అభ్యంతరం పేరా రాయరు, మార్చిలో ఖర్చు పెట్టినవాడి మీద రాస్తారు. బావగారి ఆఫీసుకి వచ్చిన ఆడిట్ పార్టీ ఒకసారి అదే అడిగిందట, ఇంత మొత్తం నెల రోజుల్లో ఎలా ఖర్చయింది అని. వాళ్ల చేతిలో విడుదల ఉత్తర్వు పెట్టి తేదీ చూపిస్తే, అది మా పరిధిలోది కాదండీ అన్నారట.

2021 నుంచి ఇంకో మార్పు వచ్చింది. అంతకుముందు ఒక్కో కేంద్రానికి బ్యాంకులో సొంత ఖాతా ఉండేది, డబ్బు అందులో పడేది. ఇప్పుడు రాష్ట్రానికి ఒకటే నోడల్ ఖాతా, కిందివాళ్లకి జీరో బ్యాలెన్స్ ఖాతాలు. ఇంతవరకూ ఖర్చు పెట్టొచ్చని పరిమితి ఇస్తారు, బిల్లు పెడితే అక్కడి నుంచి పోతుంది. ఇది మంచి పనే. ఇదివరకు ఎక్కడెక్కడి ఖాతాల్లోనో పథకాల డబ్బు ఏళ్ల తరబడి మూలిగేది, వడ్డీ ఎవరి లెక్కలోకి పోయిందో తెలిసేది కాదు. కానీ దీంతో ఇంకోటి కూడా జరిగింది. పరిమితి ఎప్పుడిస్తారో పైవాళ్ల చేతిలో ఉంది, ఇచ్చిన పరిమితి రాత్రికి రాత్రి వెనక్కి తీసేసుకోనూ వచ్చు. వంటవాడికి మాటిచ్చిన ప్రిన్సిపాల్ గారు మర్నాడు స్క్రీన్ చూసి తల పట్టుకున్న సంగతి నాకు తెలుసు. ఆ వంటవాడికి ఆయన సొంత డబ్బు ఇచ్చారు. తర్వాత వచ్చిందో లేదో అడగలేదు, అడిగితే బాగుండదు.

ఆటోవాడు బిల్లిస్తాడా

ఆడిట్ ఏం చూస్తుందో చెప్తాను, ఇందులోనే నాకు ఎక్కువ కడుపుమంట.

ఒక శిక్షణకి గిరిజన ఏజెన్సీ ప్రాంతం నుంచి ఇద్దరు రిసోర్స్ పర్సన్లు, అంటే పాఠం చెప్పేవాళ్లు, రావాలి. సీతంపేట వైపు నుంచి. పొద్దున్నే బస్సు లేదు, ఆటో మాట్లాడుకుని వచ్చారు. ఆటోకి ఇచ్చింది నిజమైన డబ్బు, వచ్చింది నిజమైన మనుషులు, చెప్పింది నిజమైన పాఠం. నన్నడిగితే ఆ శిక్షణ మొత్తంలో పనికొచ్చిన పూట అదే. బిల్లు దగ్గరికొచ్చేసరికి ఆటోకి బిల్లు కావాలన్నారు. ఆటోవాడు బిల్లిస్తాడా? గుమస్తా గారు రెండు రోజులు తిరిగి తెలిసిన ట్రావెల్స్ వాళ్ల దగ్గర కారు బిల్లొకటి రాయించుకొచ్చారు. నంబరుంది, తేదీ ఉంది, స్టాంపుంది. ఫైల్ పాసయింది. జరిగిన ఖర్చుకి జరగని కారు.

అదే ఏడాది ఇంకో హెడ్ కింద బోధనోపకరణాలు కొన్నారు. కొటేషన్లు మూడు, తులనాత్మక పట్టిక, స్టాక్ రిజిస్టర్ ఎంట్రీ, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. వస్తువులు మాత్రం డబ్బాల్లోనే ఉన్నాయి, ఏ బడికీ పోలేదు, ఎవరూ వాడలేదు. ఆడిట్‌లో దాని మీద ఒక్క గీత పడలేదు. ఎందుకు పడుతుంది? కాగితం సరిగ్గా ఉంది కదా. అంటే ఈ పద్ధతిలో నిజమైన ఖర్చు పెట్టినవాడు దొంగ కాగితం తయారుచేసుకోవాలి, దండగ ఖర్చు పెట్టినవాడు మాత్రం చేతులు కట్టుకుని దర్జాగా నిలబడొచ్చు. ఇలా పదేళ్లు పనిచేసిన గుమస్తాకి దొంగ కాగితం తప్పుగా కనపడడం మానేస్తుంది. అప్పుడు అసలైన తినుబడి మొదలైతే దాన్ని ఆటో బిల్లు నుంచి ఎలా వేరుచేసి చూస్తారు? ఆయనకే తెలీదు, ఆడిట్ వాళ్లకి ఎలా తెలుస్తుంది.

టీ బిల్లు సంగతి సరేసరి. కోర్సు డైరెక్టరు సంతకం, ప్రిన్సిపాల్ గారి సంతకం, హాజరు పట్టీతో సరిచూసినట్టు ఇంకొకరి సంతకం. ఐదు వేలు దాటితే రూపాయి రెవిన్యూ స్టాంపు. ఇవన్నీ అక్కర్లేదని నేననను, ప్రజల డబ్బుకి రసీదు ఉండాల్సిందే. కానీ టీ ఎంతమంది తాగారన్నదానికి మూడు సంతకాలు పెట్టించే వ్యవస్థ, శిక్షణ ఎంతమందికి ఉపయోగపడిందన్నదానికి ఒక గూగుల్ ఫారం లింకు పంపి ఊరుకుంటుంది. ఆ ఫారం నింపితేగానీ సర్టిఫికెట్ రాదు. కాబట్టి అందరం అన్నిటికీ 'చాలా బాగుంది' నొక్కుతాం. ఒక మేడమ్ గారు ఒకసారి 'బాగోలేదు' అని నొక్కి కారణం కూడా రాసింది. సాయంత్రానికి ఆవిడకి ఫోన్: "ఏటి మేడమ్, మన జిల్లా పెర్సంటేజీ పడిపోద్ది కదా, మార్చేయండి."

ఆన్‌లైన్ శిక్షణల గురించి ఎక్కువ రాయను. 2019లో టీచర్లకి నిష్ఠ అనే జాతీయ శిక్షణ మొదలైంది, కోవిడ్ వచ్చాక దీక్షా యాప్‌లోకి మారింది. వీడియో నడుస్తూంటే ఫోన్ జేబులో పెట్టుకుని బడికెళ్లి క్లాసు చెప్పుకున్నవాళ్లని ఎంతమందినో చూశాను. వాళ్లని తప్పు పట్టలేను కూడా. పూర్తి చేసినవాళ్ల శాతం మాత్రం ప్రతిసారీ ఘనంగానే ఉంటుంది.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, మరి కాగితం చూడొద్దు ఫలితం చూడాలంటావా అని. ఆ దారీ వచ్చింది. ప్రపంచ బ్యాంకు మన రాష్ట్రానికి బడి చదువులు మెరుగుపరచడానికి సాల్ట్ పథకం కింద 2021లో ఒప్పుకున్న 25 కోట్ల డాలర్లు అలాంటివే, ముందు అనుకున్న ఫలితాలు చూపిస్తే డబ్బు విడుదల. వినడానికి ఇంపుగానే ఉంటుంది. నా అనుమానం ఏమిటంటే, ఫలితానికి డబ్బు కడతామంటే కింద ఉన్న మనుషులు మొదట తయారుచేసేది ఫలితాల పట్టికని. శిక్షణ పొందిన టీచర్ల సంఖ్య అడిగితే సంఖ్య పెరుగుతుంది, తరగతి పరిశీలనల సంఖ్య అడిగితే పరిశీలనలు పెరుగుతాయి, ఫోటోలతో సహా. పాత పద్ధతిలో దొంగ వోచర్ రాసిన చెయ్యే కొత్త పద్ధతిలో దొంగ పరిశీలన కూడా రాస్తుంది. కాబట్టి ఈ విషయంలో నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు, కొంచెం కింద నాకు తోచింది చెప్తాను.

ఇచ్ఛాపురానికి ఏం కావాలో ఎవరికి తెలుసు

1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొక డైట్ పెట్టినప్పుడు ఉద్దేశం స్పష్టంగా ఉంది. జిల్లాకి ఏం కావాలో జిల్లాలో ఉన్న సంస్థ ఆలోచించాలి. శ్రీకాకుళానికి గార మండలం వమరవల్లిలో, విశాఖకి భీమిలిలో, అలా. లోపల ఏడు విభాగాలు, అందులో ఒకటి ప్లానింగ్ అండ్ మేనేజ్‌మెంట్. అంటే ప్రణాళిక వేసుకోమనే కదా.

మన దగ్గర ఏం కావాలి? ఇచ్ఛాపురం, కవిటి, మందస వైపు ఒడియా మీడియం బడులున్నాయి. సీతంపేట కొండల్లో సవర మాట్లాడే పిల్లలు ఒకటో తరగతిలో తెలుగు మాస్టారి ముందు కూర్చుంటారు. సాలూరు వైపు కువి మాట్లాడేవాళ్లు. వీళ్లకి చెప్పే టీచర్లకి కావలసిన శిక్షణ గుంటూరులోనో, కాకినాడలోనో ఉన్న టీచరుకి కావలసినది కాదు. కానీ డబ్బు పైనుంచి వచ్చేటప్పుడే దాని మీద పేరు రాసి ఉంటుంది. ఈ హెడ్ ఈ శిక్షణకి, ఈ మాడ్యూల్‌కి, ఇన్ని రోజులకి. ఒడియా మీడియంలో చెప్పే ఒక మిత్రుడు తెలుగు వాచకం మీద జరిగిన శిక్షణలో కూర్చుని వచ్చాడు, ఎందుకంటే ఎస్‌జీటీలు, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లు, అందరూ హాజరు కావాలని ఉత్తర్వు. అతనికి తలకింత చొప్పున ఖర్చు రాశారు, అతను సంతకం పెట్టాడు, లెక్కలో అతను శిక్షణ పొందిన టీచరు. ఏ ఆడిటరు దీన్ని నష్టంగా రాస్తాడు?

గిడుగు రామమూర్తి గారిది మన శ్రీముఖలింగం పక్క ఊరు. సవర పిల్లలకి వాళ్ల భాషలో బడి చెప్పించడానికి సొంత డబ్బు పెట్టుకున్నారు, మద్రాసు ప్రభుత్వం ఆయనకి పారితోషికం ఇవ్వబోతే నాకొద్దు, ఆ సొమ్ముతో సవరలకి బడి పెట్టండి అన్నారు. ఆగస్టు 29న మనమంతా ఆయన ఫోటోకి దండ వేస్తాం, మాతృభాష గురించి ఉపన్యాసాలు దంచుతాం. ఆ దండ డబ్బు కూడా ఏదో హెడ్ కిందే ఖర్చు రాస్తారు, సవర బోధనకి హెడ్ ఉందా అని మాత్రం ఆ మీటింగులో ఎవరూ అడగరు.

ఇంకో చేదు సంగతి, డైట్లలో మనుషులే లేరు. లెక్చరర్ పోస్టులు ఏళ్లుగా ఖాళీ, సర్వీస్ రూల్స్ వివాదం కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉంది, స్కూల్ అసిస్టెంట్లని డెప్యుటేషన్ మీద తెచ్చి నడిపిస్తున్నారు. వాళ్లలో నిజంగా బాగా చెప్పేవాళ్లున్నారు. కానీ ఎప్పుడు వెనక్కి పంపిస్తారో తెలియని మనిషి మూడేళ్ల ప్రణాళిక ఎందుకు వేస్తాడు? 2023 బడ్జెట్ ప్రసంగంలో డైట్లని ఉత్కృష్ట సంస్థలుగా తీర్చిదిద్దుతామన్నారు. భవనాలు, స్మార్ట్ గదులు వస్తే సంతోషమే. గది తాళం ఎవరి దగ్గరుండాలో చెప్పడానికి కూడా ఒక శాశ్వత ఉద్యోగి ఉండాలి కదా.

కాగితం మీద కాలేజీ

ఇప్పుడు ప్రైవేటు కాలేజీల వైపుకి వద్దాం. దేశంలో ప్రీ-సర్వీస్, అంటే టీచరు ఉద్యోగానికి ముందు ఇచ్చే, శిక్షణ సంస్థల్లో దాదాపు 90 శాతం ప్రైవేటువని 2012లో జస్టిస్ వర్మ కమిషన్ చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం ఆ కమిషన్ మాటనే తీసుకుని, పది వేలకు పైగా విడి కాలేజీల్లో ఎక్కువ భాగం అసలు శిక్షణ ప్రయత్నమే చేయకుండా డిగ్రీలు అమ్ముతున్నాయని రాసింది. ఇది ఏ విప్లవ సంఘం కరపత్రమో కాదు, ప్రభుత్వ విధాన పత్రం.

మా బడికి బీఎడ్ వాళ్లు ఇంటర్న్‌షిప్‌కి వస్తారు. 2014 ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఎడ్‌లో మొత్తం 20 వారాలు బడిలో ఉండాలి. ఒక కాలేజీ నుంచి పిల్లలు రాలేదు, కాలేజీ మనిషి వచ్చాడు, రికార్డుల కట్ట పట్టుకుని. హెచ్‌ఎం గారు సంతకాలు పెట్టాలి, వీళ్లంతా ఇక్కడ పాఠాలు చెప్పినట్టు. రికార్డుల మీద పేర్లు చూస్తే ఎక్కువ మంది ఒడిశా, బెంగాల్ వైపు వాళ్లు. తెలుగు రానివాళ్లు మా ఎనిమిదో తరగతికి సాంఘికం ఎలా చెప్పారో భగవంతుడికే తెలియాలి. హెచ్‌ఎం గారు పెట్టనన్నారు. అతనేమీ నొచ్చుకోలేదు. "పర్లేదు సార్, వేరే బడి చూసుకుంటాం" అని టీ తాగి వెళ్లిపోయాడు. చూసుకునే ఉంటాడు.

నాన్ అటెండింగ్, అంటే క్లాసుకి రాకుండానే డిగ్రీ, అనే మాట మన జిల్లాల్లో ఎవరికి తెలియదు! రేటు కూడా ఫోన్‌లోనే చెప్తారు.

దీని మీద నాతో గట్టిగా వాదించినవాడు ఒకడున్నాడు. నా డీఎడ్ నాటి స్నేహితుడు, కొన్నాళ్లు ఒక బీఎడ్ కాలేజీ ఆఫీసు చూశాడు. వాడి వాదన తేలిగ్గా తీసేసేది కాదు. "ఒడిశా వాళ్లు సొంత డబ్బు కట్టుకుంటున్నారురా, వాళ్లకి రీయింబర్స్‌మెంట్ లేదు, అది సర్కారు సొమ్మెలా అవుద్ది? మన పిల్లలకి వచ్చే రీయింబర్స్‌మెంట్ ఎన్ని క్వార్టర్లు పెండింగో నీకు తెలుసా? ఆ బకాయిల మీద కాలేజీ నడిపేది ఎవడు? ఆ ఒడిశా డబ్బు లేకపోతే మన పిల్లల కోసం తలుపు తీసేవాడే లేడు."

బకాయిల మాట నిజం. తల్లుల ఖాతాల్లో వేసినా, కాలేజీ ఖాతాలో వేసినా ఆలస్యం అలాగే ఉంది, మధ్యలో హాల్ టికెట్ దగ్గర నలిగేది పిల్లలు. కానీ మిగతాది ఒప్పుకోను. బయటి రాష్ట్రపు పిల్లాడి ఫీజు సర్కారుది కాకపోవచ్చు, వాడికిచ్చిన బీఎడ్ మాత్రం ఏదో ఒక సర్కారు బడిలో పిల్లల ముందుకి వెళ్తుంది. రెండోది, రాని పిల్లలకి చెప్పేవాళ్లు అక్కర్లేదు, కాబట్టి అధ్యాపకుల పేర్లు కాగితం మీదే ఉంటాయి. ఆ కాగితపు అధ్యాపకులే రీయింబర్స్‌మెంట్ మీద చదివే టెక్కలి అమ్మాయికీ దక్కుతారు. ఆ అమ్మాయి ఫీజు ప్రజల సొమ్మే.

మరి ఆడిట్ ఎక్కడ? ఇక్కడే తిరకాసు. సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఒక సంస్థకి 25 లక్షలకు తగ్గకుండా గ్రాంటు గానీ రుణం గానీ అంది, అది దాని ఖర్చులో 75 శాతానికి తగ్గకుండా ఉంటే ఆ సంస్థ లెక్కలు కాగ్ చూడొచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ గ్రాంటు కాదు, పేరుకి అది విద్యార్థికిచ్చే స్కాలర్‌షిప్పు. పథకం నడిపే శాఖని ఆడిట్ చేస్తారు, డబ్బు చివరికి చేరిన కాలేజీ తలుపు దగ్గర ఆగిపోతారు. 75 శాతం హాజరు ఉండాలన్న షరతు ఉంది, ఆ హాజరు వేసేది మళ్లీ కాలేజీయే. ఎన్‌సీటీఈ ఒక్కో యూనిట్‌కి 5 లక్షల ఎండోమెంట్, 7 లక్షల రిజర్వ్ ఫండ్ డిపాజిట్ చేయమంటుంది, ఆడిట్ చేసిన బ్యాలెన్స్ షీట్ అడుగుతుంది. 12 లక్షల డిపాజిట్ బ్యాంకులో భద్రంగానే ఉంటుంది, అది పాఠం చెప్పదు. వార్షిక నివేదికలు పంపలేదని ఈమధ్య చాలా కాలేజీల గుర్తింపు తీసేశారు. మంచిదే అనుకున్నాను, తర్వాత ఆలోచిస్తే పోయినవి నివేదిక కూడా అప్‌లోడ్ చేయలేని కాలేజీలు. ఫారం నింపడంలో ఆరితేరినవి నిక్షేపంగా ఉన్నాయి.

ఇల్లు బార్లా తెరిచి పెట్టి పెరటి గేటుకి రెండు తాళాలు వేసుకున్నట్టుంది ఈ నిఘా.

అయితే ఏం చేయమంటావు

రెండు రకాల సంస్థలకీ ఒకే పని చేయమంటాను: లెక్క అక్కడ చదువుకున్నవాళ్ల ముందు పెట్టండి.

ఉపాధి హామీ పనుల మీద సోషల్ ఆడిట్ మన రాష్ట్రంలో 2006 నుంచి జరుగుతోంది. ఊళ్లో మస్టర్ (కూలీల హాజరు పట్టీ) గట్టిగా చదువుతారు, చనిపోయినవాడి పేరు వినపడితే జనం లేచి నిలబడతారు. శిక్షణకి అది ఎందుకు చేయకూడదు? శిక్షణ చివరి పూట శాంక్షన్ ఉత్తర్వు, తలకి ఎంత, భోజనం ఎంత, మాడ్యూల్ ఎంత, రిసోర్స్ పర్సన్‌కి ఎంత, మిగిలిందెంత అని అక్కడే చదవండి. ఆటోకి బిల్లు లేదు, ఇంత ఇచ్చాం అని చెప్పండి; ఆటోలో వచ్చినవాళ్లూ వాళ్ల పాఠం విన్నవాళ్లూ అక్కడే ఉంటారు కాబట్టి దొంగ కారు బిల్లు అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం 4(1)(బి)లో ఎవరూ అడక్కుండానే బయట పెట్టాల్సిన పదిహేడు అంశాల్లో బడ్జెట్, ఖర్చు వివరాలు పదకొండోది. 2005 నుంచి ఉన్న చట్టం. ఎన్ని శిక్షణ కేంద్రాల గోడ మీద చూశారు?

దీని మీద నాకే అనుమానాలున్నాయి. మొదటిది, టీచర్లు నిజం మాట్లాడతారా? గూగుల్ ఫారంలో భయపడినవాళ్లు ప్రిన్సిపాల్ గారి ముందు లేస్తారా? కొంతమంది లేవరు. కానీ లెక్క వినడానికి ధైర్యం అక్కర్లేదు, ఒకసారి విన్నాక బయట టీ కొట్టు దగ్గర మాట్లాడుకోవడానికీ అక్కర్లేదు. రెండోది, యూనియన్ గొడవలు. ఒక సంఘం ప్రిన్సిపాల్‌ని ఇంకో సంఘం ఆ మీటింగులో ఉతికి ఆరేస్తుంది. ఇది జరుగుతుంది, తప్పదు. బావగారు మాత్రం తల అడ్డంగా ఊపారు: "ఇప్పుడు ముగ్గురికి జవాబు చెప్తున్నాం, రేపు నూట ఏభైమందికి చెప్పాలి. పాత సంతకాలు తగ్గిస్తారా? తగ్గించరు." ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. సంతకాలు తగ్గించకుండా సోషల్ ఆడిట్ పెడితే అది ఇంకో రిజిస్టరు అయి కూర్చుంటుంది. కాబట్టి తగ్గించాలి. చిన్న ఖర్చులకి ఒక పరిమితి పెట్టి, అంతవరకూ ప్రిన్సిపాల్ గారి మాట, అందరి ముందు చదివిన లెక్క చాలనాలి. డైట్‌కి వచ్చే దాంట్లో కొంత భాగం పేరు రాయకుండా జూన్‌లోనే ఇవ్వాలి, ఒడియా శిక్షణో, సవర శిక్షణో వాళ్లే తేల్చుకుంటారు. కొందరు ప్రిన్సిపాళ్లు దాన్ని దుర్వినియోగం చేస్తారు, చేయరని నేను హామీ ఇవ్వను. మార్చిలో గంగలో కలిసేదానికన్నా ఎక్కువ పోదని మాత్రం నా లెక్క.

ప్రైవేటు కాలేజీల సంగతి కష్టం. అక్కడ లేచి అడగాల్సినవాళ్లు ఇరవై రెండేళ్ల పిల్లలు, ఇంటర్నల్ మార్కులు కాలేజీ చేతిలో ఉన్నాయి. వాళ్ల మీద ఆ బరువు పెట్టకూడదు. అక్కడ బయటివాళ్లకి కనపడేలా చేయాలి. బీఎడ్ సీట్లకి ఎడ్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే పేజీలోనే, కాలేజీ పేరు పక్కనే, అధ్యాపకుల పేర్లు, వాళ్లకి బ్యాంకు ద్వారా జీతం పడిన నెలలు, కిందటేడు ఏ బడుల్లో ఇంటర్న్‌షిప్ చేయించారు, రీయింబర్స్‌మెంట్ ఎంత వచ్చింది, ఎంత రావాలి, ఇవి పెట్టండి. బకాయి కూడా పెట్టండి, సర్కారు చేసిన ఆలస్యం కూడా జనానికి కనపడాలి కదా. ఆ బడి పేరు చూసి అక్కడి టీచర్లమే చెప్తాం, వచ్చారో రాలేదో.

నా స్నేహితుడికి ఇది చెప్తే, అలా పెడితే సగం కాలేజీలకి ఆప్షన్లు పడవు, మన పిల్లలు చదువుకి విశాఖ పోవాల్సొస్తుంది అన్నాడు. పలాస, పాతపట్నం వైపు ఆడపిల్లలకి అది చిన్న మాట కాదు, నిజంగానే కొందరు మానేస్తారు. కాబట్టి కాలేజీలు మూసేయాలనడం లేదు. సీట్లున్న డైట్లలో లెక్చరర్లని నింపి, ప్రైవేటులో మిగిలినవాటికి బకాయిలు టైముకి కట్టి, ఆ పేజీ తెరవాలి, మూడూ కలిసి జరగాలి. మొదటి రెండింటికీ డబ్బు కావాలి, ఎప్పుడవుతాయో చెప్పలేను. మూడోదానికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఆ వివరాల్లో చాలావరకు కాలేజీలు ఇప్పటికే ఎక్కడో ఒకచోట అప్‌లోడ్ చేస్తూనే ఉన్నాయి. ఉన్నత విద్యా మండలి ఒక సర్క్యులర్ ఇస్తే వచ్చే కౌన్సెలింగ్ నాటికి అయిపోతుంది.